దావత్ మనింట్లోనే!

'ఆదివారం మీ ఇంటికొస్తున్నాం. అందరం కలిసి చాలా రోజులైంది కదా!'

ఫోన్లో ఈ మాట వినగానే ఎవరికైనా సంతోషమే. ఫోను పెట్టేశాకే అసలు కథ మొదలవుతుంది. ఎంతమంది? ఏం వండాలి? పిల్లలేం తింటారు? పోయినసారి వాళ్లింట్లో పన్నెండు రకాలు పెట్టారే, మనం పదైనా పెట్టకపోతే ఎలా? శనివారం సాయంత్రానికి ఇంటావిడ చేతిలో గజం పొడవు చీటీ, ఇంటాయన చేతిలో రెండు సంచులు. ఆదివారం పొద్దున అయిదింటికి వంటింట్లోకి వెళ్లిన మనిషి మధ్యాహ్నం మూడింటికిగానీ బయటికి రాదు. అప్పటికి వచ్చినవాళ్లు తిని, కబుర్లు చెప్పుకొని, 'వదినా, వంటలు అదిరిపోయాయి. మీరే కనపడలేదు' అంటూ చెప్పులేసుకుంటుంటారు.

ఇంత తిప్పలెందుకులే అనుకున్నవాళ్లకు ఇంకో దారుంది. ఒక్క ఫోను కొడితే బిర్యానీ పార్సిళ్లు గుమ్మంలోకొస్తాయి. తప్పేం లేదు. కాకపోతే ఆ బిర్యానీ తినడానికి మన ఇంటిదాకా రానక్కర్లేదు, వాళ్ల ఇంటికీ అదే వస్తుంది!

ఈ రెంటికీ మధ్య ఒక దారి సిద్దిపేట ఇళ్లలో ఎప్పట్నుంచో ఉంది. హోటలు మెనూ కార్డులో దొరకనిదీ, పెద్ద ఖర్చులేనిదీ, అన్నిటికన్నా ముఖ్యంగా వండినావిడ కూడా నలుగురి మధ్య కూర్చుని తినగలిగేదీ. సర్వపిండి, గుడాలు, చుడువ, పచ్చిపులుసు, మలీద... పేర్లు వినగానే 'ఇవా? ఇవి ఇంట్లోవాళ్లం తినేవి కదా, చుట్టాలకూ దోస్తులకూ ఎలా పెడతాం?' అంటారు చాలామంది. అక్కడే ఉంది చిక్కంతా.

పిలుపే దావత్

తెలంగాణలో విందుకు జనం వాడే మాట దావత్. ఉర్దూ నుంచి వచ్చిన ఈ మాటకు అసలర్థం 'పిలుపు'. కాలం గడిచేకొద్దీ పిలుపు వెనక్కిపోయి వంటకాల లెక్క ముందుకొచ్చింది. ఎన్ని కిలోల మటన్, ఎన్ని రకాల స్వీట్లు అన్నదే దావత్‌కు కొలమానమైంది. ఆ కొలత నిలబెట్టే భారం మాత్రం ఒక్కరి భుజాల మీదే పడింది.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. ఇది మామూలు రోజుల లెక్క. స్నేహితులొచ్చే ఆదివారం ఎంతవుతుందో సర్వేలతో పనిలేదు, ఏ ఇంట్లో వాళ్లకు ఆ ఇంట్లోనే తెలుస్తుంది. ఫలితం ఏంటంటే... పిలవడమే తగ్గిపోతోంది. 'కలుద్దాం కలుద్దాం' అనుకుంటూనే ఏడాది గడిచిపోతోంది. హైదరాబాదుకు వంద కిలోమీటర్ల దూరం. 2023 అక్టోబరులో సికింద్రాబాదు నుంచి రైలు కూడా వచ్చేసింది. రావడం తేలికైంది, రమ్మనడమే బరువవుతోంది.

చెరువుగట్టు మీద మెనూ

విందు బరువు ఎలా దించుకోవాలో తెలియాలంటే సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం కోమటిచెరువు గట్టుకు వెళ్లాలి. తొమ్మిదోరోజు ఆట ముగిసి, బతుకమ్మను నీళ్లలో వదిలాక ఆడవాళ్లంతా గుంపులు గుంపులుగా కూర్చుని డబ్బాలు తెరుస్తారు. ఒకరి దగ్గర చింతపండు పులిహోర, ఇంకొకరి దగ్గర నువ్వుల సద్ది, పక్కావిడ దగ్గర కొబ్బరి సద్ది, పెరుగు సద్ది. పల్లీలు, నువ్వులు, మక్కలు వేయించి దంచిన సత్తుపిండి. మలీద ముద్దలు. ఎవరూ పది రకాలు వండరు. తలా రెండో మూడో తెస్తారు. కానీ అందరి చేతుల్లోకీ అన్నీ వస్తాయి.

ఇంకో సంగతి గమనించారా? వాటిలో ఒక్కటీ వేడివేడిగా తినాల్సింది కాదు. పొద్దున వండి, డబ్బాలో సర్ది, సాయంత్రం దాకా ఆడి, పొద్దుగూకాక తినేవి. చింతపండు, నిమ్మరసం, ఉప్పు, పోపు నూనె... చల్లారినా రుచి చెడని, తొందరగా పాడవని దినుసులే అన్నిట్లోనూ. ఎందుకంటే ఆ రోజు ఆడవాళ్లకు పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేదు. ఆడాలి, పాడాలి. వంటే వాళ్ల ఆటకు తగ్గట్టు ఒదిగింది.

ఇంట్లో స్నేహితుల విందుకూ ఇదే లెక్క. ముందు చేసి పెట్టుకోగలిగినవి మూడు, వచ్చాక అందరి ముందే చేసేది ఒకటి, కడుపునిండా తినేందుకు ఒకటి. చాలు. వచ్చేవాళ్లు 'ఏమైనా తేవాలా?' అని అడిగితే మొహమాటపడకుండా చెప్పేయండి. ఒకరు పెరుగు, ఒకరు పళ్లు, ఒకరు తీపి. సద్దుల రోజు లేని నామోషీ ఆదివారం నాడెందుకు?

శనివారం సాయంత్రం...

మొదటిది చుడువ. పల్చటి అటుకులు అరకిలో తీసుకుని సన్నని సెగమీద కరకరలాడేదాకా వేయించి పక్కన పెట్టాలి. నూనెలో పల్లీలు, పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి ముక్కలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు ఒక్కొక్కటే వేయించి, పసుపు, ఉప్పు కలిపి అటుకుల మీద వేసి కుదిపితే అయిపోయింది. పచ్చిమిర్చి, కరివేపాకుల్లో తడి పూర్తిగా పోయేదాకా వేయించడమే కిటుకు. తడి మిగిలితే మర్నాటికి అటుకులు మెత్తబడతాయి. చల్లారాక గాలిచొరని డబ్బాలో పోస్తే రెండు వారాలు నిక్షేపంగా ఉంటుంది. వచ్చినవాళ్లకు చాయ్‌తోపాటు ఇదిస్తే అరగంట గడిచిపోతుంది.

రెండోది గుడాలకు బొబ్బర్లు నానబెట్టడం. అంతకుమించి ఆ రాత్రి పనేం లేదు. పొద్దున కుక్కర్లో రెండు మూడు విజిల్స్ రానిచ్చి, నీళ్లు వంపి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి పోపులో తిప్పితే గుడాలు సిద్ధం. గింజ మెత్తబడాలిగానీ చిట్లకూడదు. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం తినేముందే కలపాలి. శనగలతోనూ, మక్కలతోనూ ఇలాగే చేయొచ్చు. ఎండిన మక్కలు మాత్రం రాత్రంతా నానాలి, కుక్కర్లోనూ చాలాసేపు ఉడకాలి. బజ్జీలూ పకోడీలూ వేస్తే ఒకరు బాణలి దగ్గరే కాపలా ఉండాలి, మిగిలిన నూనెను ఏం చేయాలో తెలియక మళ్లీ మళ్లీ కాచాలి. గుడాలకు ఆ బాధ లేదు. షుగరున్న పెద్దవాళ్లూ, నూనె వద్దనే కుర్రకారూ కూడా నిశ్చింతగా ప్లేటు అందుకుంటారు.

మూడోది తీపి. మలీద చేయడానికి వంట రావక్కర్లేదంటే అతిశయోక్తి కాదు. గోధుమ రొట్టెలు నాలుగు కాస్త మందంగా కాల్చి, వేడిమీదే తుంచి, చేత్తో నలిపి, తురిమిన బెల్లం, రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి వేసి పిసికి ముద్దలు కట్టడమే. వేడికి బెల్లం కరిగి ముద్దను పట్టి ఉంచుతుంది. చల్లారిన రొట్టెతో చేస్తే పొడిపొడిగా రాలిపోతుంది. సజ్జ రొట్టెతో చేస్తే ఇంకా కమ్మగా ఉంటుందని కొందరి వాదన. అది నిజమేనని ఈ రచయితా ఒప్పుకుంటుంది!

సర్వ బోర్లిస్తే సందడి

ఇక అసలు తార సర్వపిండి. 'సర్వ' అంటే గుండ్రటి అడుగున్న గిన్నె. దాని లోపలి గోడకు పిండి అద్ది కాలుస్తారు కాబట్టి సర్వపిండి. గిన్నప్ప అని కొందరు, తపాలచెక్క అని కొందరు. పేరేదైనా కాలేటప్పుడు వీధి చివరిదాకా వాసన మాత్రం ఒక్కటే.

ఎనిమిది మందికి అరకిలో బియ్యప్పిండి సరిపోతుంది. అందులో గంటసేపు నానిన శనగపప్పు అరకప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు అరకప్పు, నువ్వులు నాలుగు చెంచాలు, ఉల్లికాడలు గానీ సన్నటి ఉల్లితరుగు గానీ గుప్పెడు, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, ఉప్పు. కారానికి పచ్చిమిర్చి ముద్ద కొందరికి ఇష్టం, ఎండుకారం కొందరికి. ఆనిగెపుకాయ తురుము వేస్తే మెత్తగా వస్తుంది, కానీ అప్పుడు నీళ్లు బాగా తగ్గించాలి, తురుములోనే బోలెడంత నీరుంటుంది.

కలిపేటప్పుడు గోరువెచ్చని నీళ్లు వాడితే మేలు. గోధుమపిండికి ఉన్నట్టు బియ్యప్పిండికి సాగే గుణం లేదు. చన్నీళ్లతో కలిపితే అద్దేటప్పుడు అంచులు బీటలు వారతాయి. వేడి తగిలితే పిండి కొంచెం జిగురు పట్టి మాట వింటుంది. చపాతీ పిండికంటే మెత్తగా, గారెల పిండికంటే గట్టిగా ఉండాలి.

గిన్నె లోపల నూనె రాసి, నారింజకాయంత ముద్ద పెట్టి, వేళ్లతో అడుగు నుంచి గోడల మీదికి పల్చగా అద్దుకుంటూ పోవాలి. తర్వాత వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి వాటిలో చుక్క చుక్క నూనె వేయాలి. ఈ చిల్లులు అందానికి కాదు. నూనె అడుక్కి దిగడానికీ, చిల్లు చుట్టూ కరకరలాడడానికీ. మూతపెట్టి సన్నని సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు వదిలేస్తే అడుగు ఎర్రగా కాలుతుంది, పైభాగం ఆవిరికి ఉడుకుతుంది. తిరగేయాల్సిన పనే లేదు. అంచులు గిన్నెను వదిలితే అయిపోయినట్టే. తొందరపడి సెగ పెంచారో... కింద మాడు, పైన పచ్చి!

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. మొదటిది కాలాక గిన్నె సలసలా కాగుతుంటుంది. రెండోది అద్దాలంటే చేయి పెట్టలేం. అందుకే పాతకాలం నుంచీ రెండు మూడు గిన్నెలు పెట్టుకుంటారు. ఒకటి పొయ్యి మీద ఉంటే ఇంకొకటి బోర్లించి వెనకవైపు నీళ్లు పోసి చల్లారుస్తుంటారు, మూడోదాంట్లో పిండి అద్దుతుంటారు. ఒక్కరే చేస్తే ఇది నిజంగా పెద్ద పనే. నలుగురుంటే?

విందుకు సర్వపిండిని మించింది లేదనేది అందుకే. ఒకరు ముద్దలు చేస్తారు, ఒకరు అద్దుతారు, చిల్లులు పెట్టే పని కోసం పిల్లలు కొట్టుకుంటారు. పప్పు వేగే చిటపట తప్ప ఏమీ తెలియని మగవాళ్లకైనా గిన్నె చల్లార్చే పని అప్పగించొచ్చు, వేరే అర్హతలేం అక్కర్లేదు. వంటింట్లో చోటు లేదంటారా, గ్యాసు పొయ్యిని వరండాలోకో వాకిట్లోకో తెచ్చుకోండి. గాలి రయ్యిన వీచేచోట మంట ఆరిపోతుంది, పిల్లలు పొయ్యి మీదికి వస్తారు, ఆ రెండూ చూసుకుంటే చాలు. కాలింది కాలినట్టు నాలుగు ముక్కలు చేసి అక్కడికక్కడే తినేయడమే. వెన్నపూస గానీ, టమాటా పచ్చడి గానీ పక్కన ఉంటే మరీ మంచిది.

సంక్రాంతి సకినాలకూ ఒకప్పుడు ఇదే పద్ధతి. ఈ రోజు మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో అనుకుంటూ వాడకట్టు ఆడవాళ్లంతా గుడ్డ పరిచి, చుట్టూ కూర్చుని చుట్టేవారు. చుట్టలు చుట్టలుగా కబుర్లూ సాగేవి. ఇప్పుడు చాలా ఇళ్లలో సకినాలు కిలోల లెక్కన కొనుక్కొస్తున్నారు. రుచి బాగానే ఉంటుంది. ఆ మధ్యాహ్నాలే రావు కిలోల లెక్కన.

ఒలుచుకు తినేవి ఉంటే...

ఏ కాలానికాకాలం సిద్దిపేట సంతలో విందు సరుకు దొరుకుతుంది. వానాకాలంలో పచ్చి మక్కకంకులు. కాస్త ముదిరిన గింజల్ని పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో బరకగా రుబ్బి గారెలు వేస్తే ఎన్ని చేసినా చాలవు. నూనె పనే అయినా ఏడాదికోసారి చెల్లుతుంది. చలికాలంలో అనపకాయలు. ఉప్పునీళ్లలో ఉడికించి పళ్లెంలో పోస్తే చాలు. పల్లికాయా అంతే. సీతాఫలాలు, ఎండాకాలం ముంజలు, ఉప్పుకారం అద్దిన మామిడి ముక్కలు... వీటికి వంటే లేదు.

ఒలుచుకు తినేవాటికి ఒక మహత్తు ఉంటుంది. చేతులు ఖాళీగా ఉండవు, ఫోను పట్టుకోవడం కుదరదు. నోరు మాత్రం ఖాళీ. ఇక మాటలు కాక ఏమొస్తాయి?

కడుపునిండా ఒక్కటే

చిరుతిళ్లతో సరిపెడితే మన దగ్గర భోజనం పెట్టలేదనే అంటారు. బగారా అన్నం ఉండనే ఉంది. ఉర్దూలో 'బగార్' అంటే పోపు. పేరుకు తగ్గట్టే ఇది పోపన్నం. నూనె, కాస్త నెయ్యిలో బిర్యానీ ఆకు, షాజీరా, లవంగాలు, దాల్చినచెక్క, యాలకులు వేసి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, పుదీనా వేయించి, ఎసరు పోసి, మరిగాక బియ్యం వేయడమే. ఎనిమిది మందికి కిలో బియ్యం ధారాళంగా సరిపోతాయి. పాతబియ్యమైతే గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, అరగంట నానితే కాస్త తక్కువ. ఎసరు నాలుక మీద కొద్దిగా ఉప్పగా తగలాలి, బియ్యం పడ్డాక సరిపోతుంది.

పక్కన ఒకే కూర. కోడికూరైతే పొద్దునే వండి మూతపెట్టేయొచ్చు, వేడి చేసుకుంటే సరి. శాకాహారులకు నువ్వులు, పల్లీల మసాలాతో వంకాయ. ఎవరు ఏ వారం నీచు ముట్టరో, ఎవరికి పల్లీలు, నువ్వులు పడవో ముందే అడిగి ఉంచుకోండి. మన వంటల్లో ఆ రెండూ లేనివి తక్కువ మరి!

అంతకన్నా తేలిక కావాలంటే పెసరపప్పు కిచిడి, పచ్చిపులుసు. హైదరాబాదు పాతబస్తీలో పొద్దుటిపూట ఖిచిడీ, ఖీమా, ఖట్టా అని లొట్టలేసుకుంటూ తింటారు. మన కిచిడి, పచ్చిపులుసు దానికి దగ్గరి చుట్టమే. పచ్చిపులుసుకు పొయ్యితో పెద్దగా పనిలేదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి నాలుగు గ్లాసుల పులుసు తీయాలి. మంట మీద కాల్చిన పచ్చిమిర్చిని ఉప్పుతో నలిపి అందులో వేయాలి. రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి, చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర, పైన పోపు. ఉల్లిముక్కలు మాత్రం వడ్డించే ముందే. ముందే వేస్తే మెత్తబడి కరకర పోతుంది. దీన్ని గ్లాసుల్లో పోసుకు తాగే స్నేహితులుంటారు, ఎందుకైనా మంచిది, ఇంకో రెండు గ్లాసులు ఎక్కువే చేయండి.

అన్నం మిగిలితే గిన్నెలోనే రాత్రిదాకా వదిలేయొద్దు. వండిన అన్నంలో వేడికి కూడా చావని ఒకరకం బ్యాక్టీరియా గింజలు ఉంటాయి. గది వేడిలో అవి పెరిగి వాంతులు పుట్టిస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రెండు గంటల్లోపు వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి ఫ్రిజ్‌లో పెట్టేయడం క్షేమం. ఎండాకాలమైతే ఇంకా ముందే.

ప్లేట్ల సంగతేంటి?

పదిమంది వస్తే ప్లేట్లు కడిగేదెవరన్న భయంతో థర్మకోల్ ప్లేట్లు తెచ్చే రోజులు పోయాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ఆ బెడద తగ్గించడానికే సిద్దిపేటలో, చుట్టుపక్కల పల్లెల్లో స్టీలు బ్యాంకులు నెలకొల్పారు. శుభకార్యాలకు స్టీలు పళ్లేలు, గ్లాసులు తీసుకెళ్లి, కడిగి తిరిగివ్వడమే. పదిమందికి అంత దూరం కూడా అక్కర్లేదు, పక్కింటివాళ్ల దగ్గర ఆరు పళ్లేలు దొరకవా? లేదంటే మోదుగాకు విస్తళ్లు. వేడి బగారా అన్నం పడగానే ఆకు నుంచి వచ్చే ఆ వాసన ఏ పింగాణీ ప్లేటుకూ రాదు.

కడగాల్సివస్తే ఒకరు తోమడం, ఒకరు తుడవడం. వచ్చినవాళ్లు లేస్తే 'అయ్యో, మీరెందుకు' అని అడ్డుపడకండి. సర్వపిండి గిన్నెల్ని మాత్రం వెంటనే రుద్దొద్దు, గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట వదిలేస్తే అంటుకున్న పిండి దానంతటదే ఊడొస్తుంది. చుడువ మిగిలితే పొట్లాలు కట్టి పిల్లల చేతికిచ్చేయండి. సర్వపిండి ముక్కలు ఒకటో రెండో మిగిలితే ఎవరికీ ఇవ్వకుండా దాచుకోండి. సోమవారం పొద్దున పెనం మీద కాస్త వెచ్చబెట్టి, గడ్డ పెరుగుతో నంజుకుంటే ఆ రుచే వేరు.